రోజుకొక ప్రయాణికుడు

ఉషియో చిజుకో జీవితంలో చెప్పుకోదగ్గ సంగతులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. హమదా రేవు పక్కన పుట్టింది. ముప్పై నాలుగేళ్లు అకాతెన్ కార్ఖానాలో నిలబడి పనిచేసింది. కారం కలిపిన చేపముద్దకు రొట్టెపొడి అద్ది వేయించే బిళ్లలవి. వాటిని మూడేసి చొప్పున పొట్లం కట్టడం ఆవిడ పని. పెళ్లి ఒకసారి కుదిరి తప్పిపోయింది. తండ్రి పోయాడు, ఆ వెనకే తల్లి పోయింది. మిగిలింది తనకన్నా పన్నెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు నోబుమిచి. బస్సు డ్రైవరు. వాడు ఒక ఏప్రిల్ నెల పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకని బయల్దేరాడు. డ్యూటీకి వెళ్లలేదు, తిరిగి ఇంటికీ రాలేదు. అది జరిగి పదిహేనేళ్లు దాటింది.

ఎందుకు వెళ్లిపోయాడని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు, చిజుకో దగ్గరా లేదు. అంతకు ఏడాది ముందు వాడు నడిపే కొండదారి రూటును జనం లేరని ఎత్తేశారు. వాణ్ని డిపోలో కుర్చీలో కూర్చోబెట్టారు. ఇంట్లో తిట్టుకున్నదీ లేదు, కొట్టుకున్నదీ లేదు. ముందురోజు రాత్రి ముల్లంగి పులుసు బాగుందని రెండోసారి వడ్డించుకున్నాడు కూడా.

మనిషి కనబడకుండా పోయి ఏడేళ్లయితే, చనిపోయినట్టు రాయించుకోవచ్చునని పురపాలక కార్యాలయంలో చెప్పారు. కాగితాలు కూడా చేతిలో పెట్టారు.

"నేను రాయించనండీ," అంది చిజుకో. "వాడు రోజూ వస్తున్నాడు."

కౌంటరు వెనకున్న అమ్మాయి తల వంచి నమస్కారం పెట్టింది. పాపం, ఈవిడకు మతి చలించిందనుకుని ఉంటుంది.

మతి చలించలేదు. నోబుమిచికి ఇంటర్నెట్‌లో ఒక సొంత పేజీ ఉండేది. ఆ రోజుల్లో ప్రతివాడూ ఒకటి పెట్టుకునేవాడు కదా, అలాంటిదే. కొండదారిలోని నలభై ఒక్క బస్‌స్టాపులకూ ఫోటోలు తీసి, ఒక్కోదాని కింద బస్సుల వేళలు, అక్కడెక్కే మనుషుల ముచ్చట్లు రాసుకున్నాడు. రూటు ఎత్తేశాక కూడా ఆ వేళలు అలాగే ఉంచేశాడు. రాని బస్సుల వేళలు. పేజీకి వచ్చినవాళ్లను 'ప్రయాణికులు' అనేవాడు. అడుగున ఒక కౌంటర్: మీరు ఇన్నో ప్రయాణికుడు అని. సొంత కంప్యూటర్‌లో చూస్తే ఆ అంకె పెరగకుండా ఏర్పాటు చేసుకున్నాడు, తన టిక్కెట్టు తనే కొట్టుకోవడం దొంగతనమని.

వాడు వెళ్లిననాటికి అంకె నాలుగు వేల పైచిలుకు. ఆ తర్వాత పేజీలో ఒక్క అక్షరం మారలేదు, కొత్త ఫోటో లేదు. అయినా అంకె రోజుకొకటి చొప్పున పెరుగుతూ వచ్చింది. ఎప్పుడో ఒకటి రెండు రోజులు ఆగినా, మళ్లీ పొద్దున్నే కదిలేది. వాన వచ్చినా మంచు పడినా, రోజుకు ఒక్కరు.

ఎవరూ పట్టించుకోని బస్‌స్టాపుల పేజీకి పదిహేనేళ్లపాటు రోజూ ఎవరొస్తారు? ఆ ఫోటోలు తీసినవాడే రావాలి. చిజుకో అలాగే లెక్క కట్టుకుంది. రోజూ తెల్లవారుజామున తమ్ముడి గదిలోకి వెళ్లి, వాడి తెల్ల కంప్యూటర్ తెరిచి, అంకె పెరిగిందని చూసుకుని, అప్పుడు టీ కాచుకునేది. నిన్న రాత్రికి ఎక్కడో బతికే ఉన్నాడు, ఇవాళ లేచాడు. అంతే కావాలి ఆవిడకు. పాస్‌వర్డ్ సొరుగులో చీటీ మీద ఉంది. అయినా పేజీని తాకలేదు. 'ఎవరు నువ్వు' అని ఒక్క మాట రాయొచ్చు కదా అంటారేమో. వాడి గదిలో పుస్తకం ఒకటి అటుదిటు జరిపినా వాడికి తెలిసిపోయేది, వారం రోజులు తలుపు గడియ పెట్టుకునేవాడు. బెదిరిపోయి ఆ వచ్చేది కూడా మానేస్తే? ఆ భయంతోనే ఆవిడ పదిహేనేళ్లు చేతులు కట్టుకు కూర్చుంది.

కార్ఖానా నుంచి రిటైరయ్యాక ఊరి సమావేశ మందిరంలో బుధవారాల కంప్యూటర్ క్లాసుకు చేరింది. చెప్పేది సహకార సంఘంలో పనిచేసి మానేసిన తవరా మాస్టారు, డెబ్బై నాలుగేళ్ల మనిషి. మిగతావాళ్లు మనవలకు ఫోటోలు పంపడం నేర్చుకుని మానేస్తే, చిజుకో మాత్రం పేజీలు తయారుచేసేదాకా వెళ్లింది. తోఫు కొట్టుకూ కగురా నాట్యం మేళానికీ ఆవిడే పేజీలు చేసిపెట్టింది. చేతులు ఊరికే ఉంటే తోచదు ఆ మనిషికి.

ఆ శరదృతువులో ఒక ఉత్తరం వచ్చింది. తమ్ముడి పేజీని ఉచితంగా నిలబెడుతున్న కంపెనీ మార్చి నెలాఖరుతో ఆ వ్యవహారం మూసేస్తున్నదట. కావలసినవాళ్లు తమ పేజీలు వేరేచోటికి మోసుకెళ్లవచ్చునట.

చిజుకో ఉత్తరం పట్టుకుని క్లాసుకు పరుగెత్తింది. మాస్టారు పేజీ పేరడిగి, అక్కడి కొత్త కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచాడు. ఆవిడ దాన్ని వాడి తెల్ల కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా చూడలేదు. అదే మొదటిసారి.

అక్షరాలన్నీ చదవరాని గుర్తులైపోయాయి. ఫోటోలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఓబారా వంతెన స్టాపు మీద స్మశానం మలుపు స్టాపు, దాని మీద బడి ముందు స్టాపు. పాత బ్రౌజర్ ఒక్కదాని కోసం రాసిన పేజీ అది. ఇల్లు కట్టి ఒక్క మనిషికి సరిపడా గుమ్మం పెట్టినట్టు.

"ఫోన్‌లో ఎట్లా ఉంటుందో చూద్దాం ఉండండి," అని మాస్టారు తన ఫోన్ తీశాడు. అక్షరాలు కాస్త కుదురుకున్నాయి. అడుగున గెస్ట్‌బుక్ ఉంది, ప్రయాణికులు కబుర్లు రాసే చోటు. మాస్టారు రెండు ముక్కలు రాసి బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు.

"ఇది చచ్చిపోయింది, చిజుకో గారూ. ఈ బటన్ ఆ పాత బ్రౌజర్‌లో తప్ప పనిచెయ్యదు."

 ఇంట్లో, తెల్ల కంప్యూటర్‌లో, బటన్ ఏళ్ల తరబడి చక్కగా కనబడుతూనే ఉంది. గెస్ట్‌బుక్‌లో ఎవరూ రాయకపోతే, వాడికి రాయడం ఇష్టం లేదనుకుంది చిజుకో.

"మాస్టారూ, వాడు నొక్కుతూనే ఉన్నాడేమో," అంది. "ఇన్నేళ్లూ నొక్కుతూ ఉన్నాడేమో, మాస్టారూ."

మాస్టారు ఫోన్ బల్ల మీద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "తిట్టుకోనంటే ఒక మాట. రోజూ తెరిచేది మనిషే అయ్యుండాలని లేదు. వాటంతటవే పేజీలన్నీ తెరుచుకుంటూ ఊరూరూ తిరిగే యంత్రాలుంటాయి."

"యంత్రానికి బస్‌స్టాపుల మీద ఇష్టమేమిటండీ?"

"మీరు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు!"

"ఏ యంత్రంలో చూస్తున్నాడో నాకు తెలీదు. కాబట్టి అన్నింట్లోనూ కనబడాలి. అన్నింట్లోనూ ఆ బటన్ నొక్కుడు పడాలి. నేర్పుతారా, నేర్పరా?"

ఆ చలికాలమంతా అదే పని. తమ్ముడి గదిలో, కింద వేడి ఉండే కొతాత్సు బల్ల మీద పదకొండు యంత్రాలు చేరాయి. పాత సామాన్ల కొట్టులో కొన్న మడత ఫోన్లు, ఎవరో పారేసిన ల్యాప్‌టాప్, పొరుగింటావిడ టాబ్లెట్, టీవీకి తగిలించే ఆటపెట్టె, అరచేతిలో పట్టే ఆటయంత్రం. ఆఖరిదాన్ని చూసి మాస్టారు పకపకా నవ్వాడు.

"యాభై దాటిన మగాడు దీంట్లో బస్‌స్టాపులు చూస్తాడా?"

"ఇల్లు లేనివాడి దగ్గర ఏముంటుందో మీకేం తెలుసండీ? దీంట్లోనూ బ్రౌజర్ ఉంది. ఉందంటే చూడొచ్చు."

ఒకచోట సరిచేస్తే ఇంకోచోట పాడయ్యేది. ఫోన్‌లో ఫోటోలు వరసలోకి వస్తే ల్యాప్‌టాప్‌లో బస్సువేళల పట్టిక విరిగిపోయేది. చిజుకో ఒక కాగితం మీద నలభై ఒక్క స్టాపులు నిలువుగా, పదకొండు యంత్రాలు అడ్డంగా రాసుకుని, కనబడిన గడిలో సున్నా, కనబడని గడిలో అడ్డగీత పెట్టింది. కార్ఖానాలో పొట్లాల తనిఖీ కాగితం అలాగే ఉండేది. పరీక్షించేటప్పుడు అంకె పెరిగిపోతుందని, తాను చేస్తున్న కొత్త నకలులోంచి ముందే కౌంటర్‌ను తీసి పక్కన పెట్టింది; పాత పేజీలో అది నడుస్తూనే ఉంది. మెల్లగా గీతలు తగ్గి సున్నాలు పెరిగాయి.

ఒకరోజు పొద్దున్నే బస్సెక్కి హిరోషిమా వెళ్లింది. కొంపాగోడూ లేనివాళ్లు నెట్ కేఫుల్లో పడుకుంటారని టీవీలో చూసింది. అక్కడి యంత్రాల్లో ఎలా కనబడుతుందో చూడాలి.

"ఎన్ని గంటలకండీ?" అని అడిగాడు కౌంటర్‌లో కుర్రాడు.

"నలభై ఒక్క స్టాపులు బాబూ. ఎంతసేపు పడుతుందో."

మూడు గంటలకు తీసుకుంది. చీకటి నడవాకు రెండువైపులా చెక్క గదులు, ఒక్కో గది ముందు ఒక జత చెప్పులో బూట్లో. చిజుకో తన గదికి వెళ్లకుండా నడవా ఆ చివరిదాకా నడిచింది. మగవాళ్ల బూట్లను ఒక్కొక్కటిగా చూసింది. నోబుమిచి కుడి మడమ ఒకవైపే అరిగేది, యాక్సిలరేటరూ బ్రేకూ నొక్కీ నొక్కీ. పద్దెనిమిది జతలు చూసింది. ఒక జత దగ్గర వంగి చేత్తో తిప్పి కూడా చూసింది. లోపలి మనిషి దగ్గాడు. వాడి దగ్గు కాదు.

గదిలోకి వెళ్లి పేజీ తెరిచింది. చక్కగా కనబడింది. కాగితం మీద ఒక నిలువు వరసంతా సున్నాలు పెట్టుకుంటూ ఏడ్చింది.

ఫిబ్రవరికి పేజీ కొత్తచోటికి చేరింది. పాత చిరునామాకు వచ్చినవాళ్లను నేరుగా కొత్తచోటికి దింపే ఏర్పాటూ చేసింది. తమ్ముడి మాటల్లో చిజుకో తీసేసింది ఒకే ఒక్కటి. పేజీ అట్టడుగున వాడు సన్నటి అక్షరాల్లో రాసుకున్నది: 'ఈ పేజీ ఫలానా బ్రౌజర్‌లోనే బాగుంటుంది. మిగతావారు దయచేసి తర్వాతి బస్సు ఎక్కండి.' వాడు నవ్వుకుంటూ రాశాడని తెలుసు. అయినా దాన్ని చెరిపేటప్పుడు ఆవిడకు కసిగానే ఉంది. తర్వాతి బస్సు ఏది, ఒరేయ్, తర్వాతి బస్సు ఎక్కడుంది?

గురువారం నాడు, పాతచోట ఉన్న అంకెనే వేసి కౌంటర్ మళ్లీ పెట్టింది: తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై ఏడు. శుక్రవారం పొద్దున తెల్ల కంప్యూటర్‌లో చూస్తే తొంభై ఎనిమిది. దారి తప్పకుండా వచ్చాడు! శనివారం తొంభై తొమ్మిది. ఇంక ఆదివారం తెల్లవారితే పదివేలు.

ఆ కాలపు పేజీల్లో ఒక ఆచారం ఉండేది. వెయ్యి, రెండు వేలు, ఇలాంటి గుండు అంకెను తొక్కిన అతిథి గెస్ట్‌బుక్‌లో 'నేనే తొక్కాను' అని చెప్పి తీరాలి. చెప్పకుండా జారుకోవడం మహా అమర్యాద. చెప్పినవాళ్లకు పేజీ యజమాని ఏదైనా కోరిక తీర్చాలి. నోబుమిచి పేజీలో అయితే, అతిథి ఏ స్టాపు అడిగితే ఆ స్టాపుకు వెళ్లి కొత్త ఫోటో తీసుకొచ్చేవాడు. వాడు పెట్టిన రూలు వాడే తప్పడు. పదివేలు తొక్కితే ఏదో ఒకటి రాస్తాడు, పేరు లేకుండానైనా రాస్తాడు. చిజుకో పదిహేనేళ్ల ఆశంతా ఆ ఆదివారం మీద పెట్టుకుంది.

శనివారం మధ్యాహ్నం ఆవిడకు ఒక సందేహం పట్టుకుంది. కౌంటర్‌ను ఆఖరున పెట్టింది కదా, ఆ అరచేతి ఆటయంత్రపు చిన్న తెరలో ఐదు అంకెలు పడతాయా? ఆటయంత్రం తీసి పేజీ తెరిచింది. ఇన్నేళ్లూ ఆ పేజీని తాను చూస్తే లెక్కకు రాలేదు. ఆ సంగతి ఒంట్లో ఇంకిపోయింది. లెక్కకు రానిది తెల్ల కంప్యూటర్ ఒక్కటేనన్నది ఆ క్షణాన గుర్తు లేదు.

తెర మీద రంగు కాగితాలు రాలాయి. బస్సు హారన్ మోగింది.

'అభినందనలు! పదివేలవ ప్రయాణికుడు మీరే! ఏ స్టాపు కావాలో గెస్ట్‌బుక్‌లో చెప్పండి. చెప్పకుండా దిగిపోయారో, దయ్యమై వెంటపడతా!'

చిజుకో దాన్ని నాలుగుసార్లు చదివింది. వాడు ఎన్నడో రాసిపెట్టిన మాటలు, అచ్చం వాడి గొంతే. తర్వాత ఆటయంత్రాన్ని బోర్లించి, తల పట్టుకుని కూర్చుంది.

ఫోన్‌లో సంగతి విని మాస్టారు తేలిగ్గా తీసేశాడు. "ఒకటి వెనక్కి తిప్పెయ్యండి. ఎవరు చూశారు?"

"మీటరు వెనక్కి తిప్పడమా? వాడికి తెలిస్తే ఒళ్లు మండిపోతుంది."

"మరేం చేస్తారు?"

"వాడు చేసినట్టే చేస్తాను."

నోబుమిచి కూడా ఒకసారి, మూడు వేలప్పుడు, స్నేహితుడింట్లో పేజీ చూపించబోయి తన అంకె తనే తొక్కేశాడు. యజమాని తొక్కితే అది పెద్ద నగుబాటు. అప్పుడు ముందు అంకెవాళ్లకూ తర్వాతి అంకెవాళ్లకూ బహుమతి వెళ్తుంది. వాడు అప్పుడు పెట్టిన క్షమాపణ పేజీలో ఇంకా ఉంది. చిజుకోకు సొంతంగా ఒక మాట రాయడానికి చెయ్యి రాలేదు. వాడి మాటలనే తీసి, అంకె మార్చి పెట్టింది: 'పదివేలు యజమానే తొక్కేశాడు. సిగ్గుతో చస్తున్నాను. ముందు అంకెవారూ, తర్వాతి అంకెవారూ, దయచేసి గెస్ట్‌బుక్‌లో చెప్పండి.'

ఆదివారం పొద్దున గెస్ట్‌బుక్‌లో కబురుంది. పదిహేనేళ్లలో మొదటిది. చిజుకో కళ్లద్దాలు తుడుచుకుని చదివింది.

'డ్రైవరు గారూ, వచ్చేశారా! తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది నాదే. ఇప్పుడు పదివేల ఒకటి కూడా నాదే. నేను మీకు గుర్తుండను. ఆఖరి రోజు ఆఖరి బస్సులో నేనొక్కదాన్నే ఉన్నాను. తకినోహారాలో దిగుతుంటే, రేపు కూడా ఎక్కండి అన్నారు. రేపు బస్సు లేదని ఇద్దరికీ తెలుసు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున ఈ పేజీ ఎక్కుతున్నాను. ఇప్పుడు హిరోషిమాలో ఆస్పత్రి వంటగదిలో పని. నా పాత ఫోన్‌లో ఫోటోలన్నీ కలిసిపోయి కనబడేవి. ఎన్నిసార్లు రాద్దామన్నా బటన్ నొక్కుడు పడేది కాదు. మొన్న శుక్రవారం నుంచి అన్నీ వరసగా కనబడుతున్నాయి. మీరు తిరిగొచ్చి సరిచేశారని అర్థమైంది. ఇందాక మీ క్షమాపణ చదివి, వంటగదిలో గట్టిగా అరిచేశాను. కోరిక చెప్పమన్నారు కదా. తకినోహారా స్టాపు ఇప్పుడెలా ఉందో చూడాలని ఉంది. — మిసుమి యుకాకో.'

చిజుకో ఆ రోజు టీ కాచుకోలేదు. గదిలో పదకొండు యంత్రాల మధ్య కూర్చునే ఉంది. వాడు రాలేదు. ఒక్కరోజు కూడా రాలేదు. ఇవాళ లేచాడు, ఇవాళ లేచాడు అని తాను టీ తాగిన పొద్దులన్నీ ఎవరో అమ్మాయి వంటగదికి వెళ్తూ లేచిన పొద్దులు. మాస్టారు అన్నట్టు యంత్రమైనా బాగుండేదేమో, యంత్రం మీద కోపం తెచ్చుకోవచ్చు. ఈ పిల్ల మీద ఎలా తెచ్చుకోవడం? తానూ ఆ పిల్లా ఒకే మనిషి కోసం ఒకే పేజీకి చెరొక వైపు కూర్చున్నారు, అంతే.

వాడు తిరిగొచ్చాడని తాను పదిహేనేళ్లుగా కోరుకున్న కబురు ఆ పిల్లకు శుక్రవారం నాడే అందిపోయింది. అందించింది తనే.

మర్నాడు ఊరి వ్యాను పట్టుకుని, ఆ పైన నడిచి తకినోహారా వెళ్లింది. స్టాపు కొయ్య వంగిపోయి ఉంది. పలక మీద వేళలు ఎండకు తెల్లబడిపోయాయి. బెంచీ ఉంది, దాని మీద జానెడు మంచు. ఫోటో తీసింది. తీశాక అలవాటుగా దారివైపు చూసింది, ఏదైనా వస్తుందేమోనని. అంత వెర్రిదాన్ని అయ్యానా అని తన మీద తనకే జాలేసింది.

ఇంటికొచ్చి ఫోటో పెట్టింది. కింద జవాబు రాయాలి. తమ్ముడి పేరుతో రెండు వాక్యాలు రాసింది. వాడి మాటలు ఆవిడకు కంఠతా వచ్చు. 'బాగున్నారా, చలి ఎక్కువగా ఉంది, రేపు కూడా ఎక్కండి.' అచ్చం వాడే రాసినట్టు వచ్చింది. ఎంత బాగా వచ్చిందో చూసి ఆవిడకే ఒళ్లు జలదరించింది. ఇది పంపితే వాడు బతికినట్టే, రోజూ బతికినట్టే, ఆ పిల్లకూ కొంత తనకూ. చెయ్యి బటన్ మీద చాలాసేపు ఉంది. తర్వాత మొత్తం చెరిపేసింది. ఒక అంకెను చూసుకుని పదిహేనేళ్లు బతకడమంటే ఏమిటో తనకు తెలుసు. ఆ బతుకు ఇంకొకళ్లకు పెట్టలేకపోయింది.

'యుకాకో గారూ, నేను డ్రైవరును కాను, వాడి అక్కను. వాడు ఇల్లు విడిచి పదిహేనేళ్లయింది. పేజీ సరిచేసింది నేను. మీరు రోజూ వస్తుంటే మీరే వాడనుకున్నాను. క్షమించండి.'

నొక్కింది. నొక్కుడు పడింది.

మంగళవారం అంకె కదల్లేదు. బుధవారమూ కదల్లేదు. చిజుకో క్లాసుకు వెళ్లలేదు. చేతులారా ఆ ఒక్కరినీ దింపేశాను, అనుకుంది. ఏళ్ల తరబడి వస్తున్న అడుగుల చప్పుడు ఆగిపోయిన ఇల్లులా ఉంది ఆ పేజీ.

గురువారం పొద్దున అంకె ఒకటి పెరిగింది. గెస్ట్‌బుక్‌లో రెండే ముక్కలున్నాయి: 'అక్కా, నేను ఎక్కాను.'

చిజుకో తెల్ల కంప్యూటర్ ఆపేసింది. దాన్ని మళ్లీ తెరవలేదు. బల్ల మీది మడత ఫోన్లలో ఒకటి తీసుకుని, అందరిలాగే బయటి నుంచి, మొదటిసారి కావాలని పేజీలో అడుగుపెట్టింది. అంకె ఇంకొకటి పెరిగింది.

ఇప్పుడు ఆ పేజీకి రోజుకు ఇద్దరు వస్తారు. ఒకరు హిరోషిమా నుంచి, ఒకరు హమదా నుంచి. ఇద్దరూ ఎక్కాక, చిజుకో టీ గిన్నె పక్కన పెట్టుకుని ఇంకో గంట అంకె వైపు చూస్తుంది. ఇక పొరపాటు పడడానికి వీల్లేదు. మూడోది పడితే, అది వాడే.